పదకొండో నంబరు మేడ

రండి, ఇంకా దగ్గరికి జరగండి. ఆ చివర కూర్చున్నవాళ్లు కూడా ఇటు రండి. కథ మధ్యలో ఎవరి వీపు వెనకాలైనా ఖాళీ ఉంటే నాకు పూచీ లేదు. ఆఁ... అలాగ. ఇది నేను కళ్లారా చూసింది కాదు. పెద్ద ఓడలో వంట చేసి వచ్చిన ఒక మనిషి చెప్పగా విన్నాను. విన్నది విన్నట్టు చెప్తాను. ఉప్పూ కారం అతనివే, నేను వడ్డిస్తున్నానంతే.

దక్షిణాన, సముద్రం ఒడ్డున ఒక రేవు పట్నం. ఆ పట్నంలో పాత రేవుకి పోయే సందు చివర ఒక మేడ. తలుపుకి రంగు లేదు. గోడకి పూత లేదు. ఏళ్లతరబడి గాలివానలకి కిటికీ రెక్కలన్నీ ఊడిపోయాయి... పై అంతస్తులో ఒక్కటి తప్ప. ఆ ఒక్క కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఇంట్లో ఎవరూ లేరు. అయినా తెరిచే ఉంటుంది.

పొద్దు వాలాక ఆ సందులో ఎవరూ నడవరు. తప్పనిసరైతే చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తారు. ఎందుకంటే — పైనుంచి ఒక ఆడగొంతు అడుగుతుందట. అరుపూ కాదు, ఏడుపూ కాదు. పక్కింటావిడ పలకరించినట్టు, మెల్లగా...

"ఓడ వచ్చిందా?"

జవాబు చెప్పినవాళ్లు ఎవరూ లేరో, చెప్పాక మిగిలినవాళ్లు ఎవరూ లేరో, ఆ సంగతి తెలియదు.

మీరూ నేనూ అయితే అలాంటి ఇంటికి ఆమడ దూరంలో తిరిగి పోతాం. ఆ పట్నంవాళ్లు మనకంటే తెలివైనవాళ్లు. దానికి నంబరు వేశారు. 'మా పట్నంలో చూడవలసినవి పన్నెండు' అని కాగితం అచ్చేసి, మేడకి పదకొండో నంబరు ఇచ్చారు. దాని పక్కన చిన్న అక్షరాలతో 'బయటినుంచి మాత్రమే' అని రాశారు.

ఇక మన మనిషి సంగతి. ఆయన ఒక పెద్ద ఆఫీసులో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరైన హెడ్ క్లర్కు. ఆ ముప్పయ్యేళ్లూ కిటికీ అవతల నిలబడ్డవాళ్లకి ఆయన చెప్పిన మాట ఒక్కటే: "రేపు రండి." రిటైరయ్యాక భార్యని తీసుకుని విహారానికి ఓడెక్కాడు. పదంతస్తుల ఓడ. రోజుకో రేవులో ఆగుతుంది. పొద్దున దిగి ఊరు చూడాలి, సాయంత్రం ఆరింటికల్లా ఎక్కాలి. ఆరు కొడితే కెప్టెన్ మామగారి కోసమైనా ఆగదు.

ఓడలో అందరూ ఆయన్ని 'చూసేశాంగారు' అనేవాళ్లు. ఎక్కడికి తీసుకెళ్లినా బండి దిగీ దిగకముందే ఫోను ఎత్తి, తన మొహం ముందుకి పెట్టి, ఆ చోటుని వెనక్కి నెట్టి, ఒక ఫొటో తీసుకుని, కాగితం మీద టిక్కు కొట్టి, "చూసేశాం, పదండి" అనేవాడు. కొండైనా అంతే, కోటైనా అంతే. ఒకసారి సూర్యాస్తమయాన్ని సూర్యుడు అస్తమించకముందే చూసేశాడట.

ఎందుకంత తొందరంటే, రాత్రి భోజనం బల్ల దగ్గర ఎదురు కుర్చీలో ఒక పళ్లడాక్టరు ఉండేవాడు. ఇద్దరికీ పోటీ. "ఇవాళ మీరెన్ని చూశారు?" అంటే "మీరెన్ని?" అని. ఒక్కటి తగ్గినా ఆయనకి ముద్ద దిగేది కాదు.

ఆ పట్నంలో దిగిన రోజు భార్య గదిలోనే ఉండిపోయింది. అంతకుముందు రేవులో ఈయన వెనకాల పరిగెత్తి కాలు మడత పడింది పాపం.

"వెళ్తున్నా," అన్నాడు టోపీ పెట్టుకుంటూ.

"వెళ్లొస్తానని అనండి. పెళ్లయిన దగ్గర్నుంచీ చెప్తున్నాను."

"ఓడ ఇక్కడే ఉంది, నువ్వూ ఇక్కడే ఉన్నావు. రాక ఎక్కడికి పోతాను?"

"వచ్చేవాళ్లే అనాలి ఆ మాట."

"రేపు రేవులో అంటాలే."

"అందరికీ చెప్పినట్టు నాకూ రేపేనా?" అందావిడ. అప్పటికే ఆయన మెట్లు దిగేశాడు.

ఓడ గుమ్మం దగ్గర ఒక యంత్రం ఉంటుంది. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ కార్డు ఆనిస్తే 'టింగ్' అంటుంది. మనిషికో టింగ్. ఈ టింగ్ గుర్తుపెట్టుకోండి.

ఒడ్డున గుంపులు కట్టారు. గుంపుకి ఇరవై మంది. అందరి నెత్తిన ఓడవాళ్లిచ్చిన తెల్ల టోపీలే. దూరంనుంచి చూస్తే పుట్టగొడుగులు నడిచొస్తున్నట్టుంది. మనవాడూ పళ్లడాక్టరూ ఒకే గుంపు. గైడు పసుపు గొడుగు ఎత్తి పట్టుకున్న పెద్దమనిషి, నిదానస్తుడు. మనం గొడుగాయన అందాం.

లైట్‌హౌసు నాలుగు నిమిషాల్లో అయింది. గంటస్తంభం రెండు నిమిషాలు. చేపల మార్కెట్టుకైతే మనవాడు బండే దిగలేదు. "వాసన వచ్చిందిగా, చూసేసినట్టే," అన్నాడు.

సాయంత్రం నాలుగున్నరకి సందు చివరకి వచ్చారు. శీతాకాలం, పొద్దు అప్పుడే మెత్తబడుతోంది. గొడుగాయన గొడుగు దించాడు. గొంతు కూడా దించాడు.

"ఈ ఇంట్లో ఒకావిడ ఉండేది. భర్త ఓడ పనికి వెళ్లాడు... తిరిగి రాలేదు. ఆ కిటికీ దగ్గరే కూర్చుని ఎదురుచూసేది. ఈ గుమ్మంలో మీరు ఏ మాటైనా మాట్లాడండి, ఒక్క మాట మాత్రం అనకూడదు. అదేమిటంటే—"

"గైడు బాబూ, ఇంకా పన్నెండోది ఉంది. నడుస్తూ చెప్పు," అన్నాడు మనవాడు.

"ఇది నిలబడి వినవలసింది సార్."

"వినేశాం, పదండి."

గొడుగాయన మిగతావాళ్లని దగ్గరికి పిలిచి గుసగుసగా చెప్పడం మొదలుపెట్టాడు. మనవాడు ఆ పక్కకే వెళ్లలేదు. ఆయన బుర్రలో వేరే లెక్క నడుస్తోంది: డాక్టరు పన్నెండు చూస్తాడు, నేనూ పన్నెండు చూస్తాను, సమానం. అదే ఈ ఇంటి లోపల కూడా చూసేస్తే... పదమూడు.

నలుగురూ కథలో ఉండగా పిల్లిలా వెళ్లి తలుపు పిడి పట్టుకుని లాగాడు. కిర్రుమని వచ్చింది. లోపలికి దూరాడు. వెనకాలే గాలి — తలుపు ధబ్బుమని పడింది.

బయట గొడుగాయన టోపీలు లెక్కపెట్టాడు. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. లెక్క సరిపోయింది. ఎలాగంటే, ఇంకో గుంపులోని తెల్ల టోపీ ఒకటి దారి తప్పి పసుపు గొడుగు కిందికి వచ్చి చేరింది. మనుషుల్ని వదిలేసి టోపీల్ని లెక్కపెడితే అంతే మరి. పళ్లడాక్టరు ఒకసారి అటూ ఇటూ చూసి, "ఈయన ముందే పరిగెత్తి పన్నెండోది చూసేస్తున్నాడు కాబోలు," అనుకుని తనూ అడుగుల జోరు పెంచాడు.

లోపల చీకటి. తడి తాళ్ల వాసన. మనవాడు చుట్టుమెట్లెక్కి, మొహం ముందుకి పెట్టి, ఫొటో నొక్కాడు. పొద్దుట్నుంచి తన మొహమే చూసి చూసి విసిగిపోయిన ఫోను అక్కడే ప్రాణం వదిలింది. అదే క్షణంలో కాలి కింద మెట్టు విరిగింది. పడబోయి గోడ పట్టుకున్నాడు. నూరేళ్ల సున్నమంతా పెళ్లలు పెళ్లలుగా ఆయన నెత్తిన దిగింది. తలా, మీసం, చొక్కా, బూట్లూ అన్నీ తెలుపు. గోడకే కాళ్లూ చేతులూ మొలిచి నడుస్తున్నట్టుంది.

దగ్గుకుంటూ కిందికి వచ్చి తలుపు లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. రాలేదు. గోడకి కాలు తన్నిపెట్టి, పళ్లు బిగించి లాగాడు... పిడి ఊడి చేతిలోకి వచ్చింది.

ఎవరో బయట గడియ పెట్టేశారు. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి.

పరుగున మేడెక్కి ఆ కిటికీ దగ్గరికి వచ్చాడు. దూరంగా రేవులో ఓడ. ఆ ఓడలో, నాలుగో అంతస్తులో, కాలికి కట్టుతో భార్య. ఆరు కొడితే ఓడతోపాటు ఆవిడా వెళ్లిపోతుంది. ఒక్కతీ, గది తలుపు వైపే చూస్తూ.

అంతలో కింద సందులోకి ఎర్రగొడుగు గుంపు వచ్చింది. ఆ గైడు ఒక కుర్రాడు, రోజూ చెప్పే కథని రోజూ నవ్వుకుంటూ చెప్పేవాడు. "పైనుంచి తెల్లగా ఒక ఆకారం తొంగిచూసి, ఓడ సంగతి అడుగుతుందన్నమాట..."

మనవాడు కిటికీలోంచి సగం బయటికి వంగాడు. గొంతునిండా సున్నం. "ఓడ..." అన్నాడు. "ఓడ... వెళ్లిపోయిందా..?"

అందరికంటే ముందు పరిగెత్తింది గైడే. ఎర్రగొడుగు నేలమీద దొర్లుతూ ఉండిపోయింది.

పావుగంటకి ఆకుపచ్చ గొడుగు గుంపు వచ్చింది. వీళ్లకి దారిలోనే కబురు అందింది. ఫోన్లు ఎత్తి పట్టుకునే వచ్చారు.

"బాబూ, నేను మనిషినే. మీ ఓడలోవాణ్నే. తలుపు తీయండి," అన్నాడు మనవాడు.

"ఎంత బాగా చేస్తున్నాడో చూడవే," అంది ఒకావిడ.

"ఏం బాగు వదినా. పోయిన రేవులో దెయ్యానికి గొలుసులు కూడా ఉన్నాయి."

"ఏమయ్యా, కాస్త ఇటు వంగు. మొహం మీద వెలుగు పడట్లేదు."

పాపం, వంగాడు కూడా. వంగితే తలుపు తీస్తారేమోనని. టకటకా ఫొటోలు తీసుకున్నారు. ఒక తెల్లటోపీ పెద్దాయన జేబులోంచి కాగితం తీసి టిక్కు కొట్టి అన్నాడు:

"పదకొండు. చూసేశాం, పదండి."

ఆ మాట మనవాడికి చెంప మీద తగిలినట్టు తగిలింది. సందు ఖాళీ అయింది. టిక్కు కొట్టే కాగితం మెట్టు విరిగినప్పుడే ఎక్కడో పడిపోయింది, ఫోను చచ్చింది. కిటికీ గట్టు మీద కూలబడ్డాడు. చేయడానికి ఇంకేమీ లేక... చూడడం మొదలుపెట్టాడు. నీళ్లు ఆకుపచ్చనుంచి బూడిదరంగుకి తిరుగుతున్నాయి. ఒక పడవవాడు తెడ్డు లోపల పెట్టి, మొహం కడుక్కుంటున్నాడు. ఇంత దూరానికి కూడా అతని మెడ మీద తడి మెరుస్తోంది.

"కూర్చుంటేనే కనిపిస్తుంది."

వెనకనుంచి. గుసగుసగా.

తిరిగి చూశాడు. మూల పొట్టి కుర్చీలో ఒకావిడ, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. ఆవిడ చుట్టూ నేలమీద వేలి మందాన దుమ్ము. ఆ దుమ్ములో ఒక్క అడుగు గుర్తు కూడా లేదు. మనవాడికి అది కనబడలేదు. ఎంతైనా అలవాటు ఒక్క సాయంత్రంలో పోదు కదా.

"ఇక్కడ కాపలా ఉంటారా అమ్మా?"

"అలాంటిదే."

"ఎన్నాళ్లనుంచి?"

ఆవిడ కిటికీ వైపు చూస్తూ, "మా ఊళ్లో ఏం చూశారు?" అంది.

వేళ్లు మడిచి పదకొండూ చెప్పాడు.

"గంటస్తంభం గడియారం ఇంకా అయిదు నిమిషాలు వెనకే నడుస్తోందా?"

గుర్తుచేసుకోబోయాడు. ఫొటోలో గడియారం ఉండవలసిన చోట తన తలకాయ ఉంది.

"చేపల మార్కెట్టు గుమ్మంలో వలలు అల్లే ముసలాయనకి చూపు వచ్చిందా?"

ముప్పయ్యేళ్లలో ఎవరేమడిగినా ఆయన దగ్గర 'రేపు రండి' అన్న జవాబు ఉండేది. ఇవాళ ఆ జవాబు పనికిరాని ప్రశ్నలు రెండు వచ్చాయి.

అప్పుడు — భోఁ — అని ఓడ కూసింది. అది మొదటి కూత. మూడో కూతకి కదులుతుంది. కాలు కాలిన పిల్లిలా ఎగిరి లేచాడు.

"అమ్మా, ఎవరో బయట గడియ పెట్టేశారు..."

"దానికి గడియ లేదు. మీరు లాగుతున్నారు. నెట్టండి."

చూశారా పిల్లలూ. బయటినుంచి లాగి తెరిచిన తలుపుని లోపలినుంచి నెట్టాలని మన ఒకటో తరగతివాడికి కూడా తెలుసు. హెడ్ క్లర్కుకి తెలియలేదు. దెయ్యం లేదు, గడియా లేదు. తొందర ఒక్కటే ఉంది.

మనవాడు మెట్ల వైపు ఉరికాడు. పొద్దుట భార్య అన్న మాట ఎక్కడో చెవిలో మెదులుతున్నట్టుంది. కాళ్లు మెట్లమీద ఉండగానే నోరు దానంతట అది అనేసింది:

"వెళ్లొస్తానమ్మా."

పైన కుర్చీ కిర్రుమంది. ఆ తర్వాత చప్పుడు లేదు. తర్వాత... చెవి పక్కనే, తడిగా...

"నిజంగా వస్తారా?"

వెనక్కి తిరిగే తీరిక ఎక్కడిది. ఆఫీసు కిటికీ దగ్గర ముప్పయ్యేళ్లు అన్నట్టే అన్నాడు, "ఆఁ ఆఁ, తప్పకుండా."

"అయితే దీపం పెట్టి ఉంచుతాను."

తలుపు నెట్టాడు. వచ్చేసింది. తెల్లటి ఆకారం సందులో పరిగెడుతుంటే ఇళ్ల కిటికీలు టపటపా మూసుకున్నాయి. కుక్కలు దారి ఇచ్చాయి. మూడో కూత కూస్తుండగా ఓడ మెట్లెక్కాడు. యంత్రం దగ్గరి మనిషి భయంతో గోడకి అతుక్కుపోయాడు గానీ, యంత్రం మాత్రం మర్యాదగా 'టింగ్' అంది.

రాత్రి భోజనం బల్ల. స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చాడు మనవాడు. భార్య కుంటుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"పన్నెండు," అన్నాడు పళ్లడాక్టరు.

"పదమూడు," అన్నాడు మనవాడు, చూడని పన్నెండోదాన్ని కూడా కలిపేసుకుని. "పదకొండోదాని లోపలికి కూడా వెళ్లాను. కాపలా ఆవిడతో మాట్లాడాను కూడా."

డాక్టరు చేతిలో చెంచా ఆగింది. "కాపలా ఎవరండీ? ఆ ఇంటికి మనిషే లేదు. గొడుగాయన చెప్పాడుగా... ఓ, మీరు వినలేదు కదూ."

"ఏం చెప్పాడు?" అంది భార్య.

"ఆవిడ భర్త ఓడెక్కుతూ 'వెళ్లొస్తా' అన్నాడట. రాలేదు. ఆవిడ ఎదురుచూసి ఎదురుచూసి ఆ కిటికీ దగ్గర కుర్చీలోనే పోయింది. అది జరిగి తొంభై ఏళ్లు. ఆ గుమ్మంలో ఏ మాటైనా అనొచ్చట, 'వెళ్లొస్తా' అని మాత్రం అనకూడదట."

"అంటే ఏమవుతుంది?" అన్నాడు మనవాడు, కంచం వెనక్కి జరిపి.

"ఏమీ కాదు. ఆవిడ నమ్ముతుందట."

భార్య నవ్వింది. "మా ఆయనకైతే ఏ భయమూ లేదండీ. పెళ్లినాటినుంచీ ఆ మాట ఆయన నోట రాలేదు."

మనవాడు ఆ రాత్రి తినలేదు. పైకి వెళ్లి రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. పట్నం దూరమైపోతోంది. దీపాలన్నీ ఒక్కటొక్కటే కలిసిపోయి మాయమవుతున్నాయి. సందు చివర, పై అంతస్తు ఎత్తున... ఒక్కటి మాత్రం మాయం కాలేదు.

మర్నాడు వేరే రేవు. వేరే పట్నం. సాయంత్రం ఓడ కదిలాక చూస్తే, ఆ ఒడ్డు చివర కూడా అంతే ఎత్తున ఒక దీపం. మూడో రోజూ అంతే. పక్కన నిలబడ్డవాళ్లని అడిగితే, "ఎక్కడండీ? ఏమీ లేదే," అన్నారు.

నాలుగో రోజు భార్యకి చెప్పేశాడు.

"ఇన్నేళ్లూ నేను బతిమాలితే రాని మాట, ఎవరో ఆవిడకి చెప్పొచ్చారన్నమాట," అందావిడ.

"భయమేస్తోంది."

"భయమెందుకు? మాటిచ్చారు, వెళ్లాలి. వచ్చే ఏడు ఇదే ఓడెక్కుదాం. నేనూ వస్తాను. ఎదురుచూడడం గురించి ఆవిడకీ నాకూ మాట్లాడుకోవలసింది చాలా ఉంది."

ఏడాది తిరిగింది. అదే ఓడ, అదే పట్నం. గొడుగాయన ఇద్దర్నీ సందు చివరకి తీసుకెళ్లి, గుమ్మం బయట నిలబడ్డాడు. దారిలో మనవాడు గంటస్తంభం దగ్గర ఆగి చూశాడట. గడియారం అయిదు నిమిషాలు వెనకే ఉంది. చేపల మార్కెట్టు గుమ్మంలో వలలు అల్లేవాళ్లు ఎవరూ లేరు. ఆ రెండూ కాగితం ముక్క మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు, జవాబు చెప్పాలి కదా.

గొడుగాయన వేళ్లు మడిచాడు. లోపలికి ఇద్దరు.

గంట గడిచింది. తలుపు — లోపలినుంచి నెడితే — తెరుచుకుంది.

ఒకటి. రెండు.

గొడుగాయన కళ్లు నులుముకుని, ఈసారి టోపీల్ని వదిలేసి మనుషుల్ని లెక్కపెట్టాడు. ఒకటి... రెండు...

మూడు.

ఓడ గుమ్మం దగ్గర యంత్రం మాత్రం రెండుసార్లే టింగుమంది. ఆ రాత్రి ఆ బల్ల మీద భార్య మూడో కంచం అడిగింది. నాకీ కథ చెప్పిన వంటాయనే స్వయంగా వడ్డించాడు. మూడో కుర్చీలో ఎవరూ కూర్చోలేదని ఒట్టేసి చెప్పాడు. కంచం మాత్రం కడిగినట్టు ఖాళీగా వచ్చిందని కూడా ఒట్టేశాడు.

ఆ మేడ కిటికీ ఆ రోజునుంచి మూసే ఉంది. పట్నంవాళ్లు కాగితం మళ్లీ అచ్చేశారు. అందులో ఇప్పుడు చూడవలసినవి పదకొండే.

సరే, ఇక లేవండి. ఇళ్లదగ్గర అన్నాలు పెట్టుకుని మీకోసం చూస్తుంటారు. చీకట్లో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పోండి. ఆగండాగండి. వెళ్లేటప్పుడు ఏమంటారు?

"వెళ్లొస్తాం మాస్టారూ."

విన్నాను. ముప్పయి మందీ అన్నారు, ఆ వెనక బెంచీవాడితో సహా. రేపు పొద్దున లెక్కల పరీక్ష. తొమ్మిదింటికల్లా మన తరగతి కిటికీ దగ్గర కూర్చుని ఉంటాను.

నేనూ నమ్మేవాణ్నే.